బిడ్డలతోబాటు ఎదిగే తల్లి

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనే మాష్టారిని. ఇరవై యేళ్ళ పైబడి నా నోట నలిగేది ఉర్దూయే. కార్యదర్శి గారు మాత్రం, "మాష్టారూ, ఈసారి తెలుగులో మాట్లాడండి. అందరికీ అందుతుంది, సావనీరులో వేసుకోడానికీ వీలుగా ఉంటుంది" అన్నారు. సరే అన్నాను. మాటలో ఎక్కడైనా తడబడితే పెద్ద మనసుతో దిద్దుకొని వినవలసిందిగా కోరుతున్నాను.

నాకిచ్చిన విషయం "తల్లి – ఎదిగిన పిల్లలు". చూడ్డానికి చిన్న విషయమే. తల్లి ప్రేమ గొప్పదని చెప్పి, నాలుగు నీతులు చెప్పి దిగిపోవచ్చు. కాని మా బడిలో తల్లులతో సమావేశం పెట్టినప్పుడల్లా ఎవరో ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి ఒక ప్రశ్న అడుగుతుంది. "మాష్టారూ, మీరు చదివించమంటారు, బాగానే ఉంది. చదివిస్తే వీడు మా చేతికి దక్కుతాడా?" అంటుంది. ఆడపిల్ల తల్లయితే ఇంకొంచెం గొంతు తగ్గించి అడుగుతుంది. చాలా యేళ్ళు ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "అల్లా ఉన్నాడమ్మా, భయపడకండి" అని పంపేసేవాణ్ణి. ఈ రోజు ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

సోదరులారా, మన ఊరు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఇది పిల్లలను పంపించే ఊరు. 1933లో హార్బరు తెరిచారు. 1948లో ఇక్కడి యార్డులో కట్టిన "జల ఉష" ఓడను నెహ్రూ గారు సముద్రంలోకి దించారు. 1971లో ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది, 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. ఎక్కడెక్కడి తల్లులో తమ బిడ్డలను పని కోసం ఈ ఊరికి పంపారు. అదే కాలంలో ఈ ఊరి తల్లులు తమ బిడ్డలను బయటికి పంపారు. మన తాతల కాలంలో ఓడెక్కి రంగూన్ వెళ్ళినవారు ఎందరో. 1942లో యుద్ధానికి భయపడి నడిచి వచ్చేసినవారూ ఎందరో. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అన్న పేరు బర్మా నుంచి తిరిగివచ్చినవారికే గుర్తు. తరువాత దుబాయి, కువైట్, దమ్మాం. ఇప్పుడు హైదరాబాదు, బెంగుళూరు. ఊరి పేరు మారుతున్నది గాని, గుమ్మం దగ్గర నిలబడి చూసే తల్లి మారలేదు.

మా అబ్బా హార్బరులో టగ్గు మీద ఖలాసీగా పనిచేశారు. మన హార్బరు లోపలికి వచ్చే దారి ఎంత ఇరుకో మీకు తెలుసు. ఒక వైపు డాల్ఫిన్ నోస్ కొండ, ఇంకో వైపు దర్గా కొండ, వెంకటేశ్వర కొండ, రాస్ హిల్ వరుసగా ఉంటాయి. అంత పెద్ద ఓడ కూడా ఆ ఇరుకులో తనంతట తాను తిరగలేదు. టగ్గు తాడు కట్టి మెల్లగా నడిపించి, లోతు నీళ్ళు రాగానే తాడు వదిలేస్తుంది. అబ్బా చెప్పేవారు: "తాడు కట్టడం ఒక పని, వదలడం ఇంకొక పని. వేళకు వదలకపోతే ఓడకూ ప్రమాదమే, టగ్గుకూ ప్రమాదమే." ఆయన ఓడల సంగతే చెప్పేవారు. పెద్దయ్యాక నాకది ఇళ్ళ సంగతి కూడా అనిపించింది.

ఇప్పుడు మీకు ఈ ఊళ్ళోనే జరిగిన ఒక సంఘటన చెబుతాను. మన పిల్లలకు ఇది తెలియదు. పెద్దల్లో కూడా చాలామంది మరచిపోయారు.

1921 సెప్టెంబరు 14వ తేదీ. మనం ఈనాడు విశాఖపట్నం స్టేషను అంటున్నది అప్పుడు వాల్తేరు స్టేషను. మద్రాసు పోయే రైలు వచ్చి ఆగింది. అందులో గాంధీ గారున్నారు. మౌలానా మహమ్మదలీ ఉన్నారు, ఆయన బేగం గారు కూడా ఉన్నారు. రైలు అరగంటకు కాస్త తక్కువగా ఆగుతుంది. ఆ కొద్దిసేపట్లో స్టేషను బయట చేరిన జనంతో మాట్లాడాలని ఇద్దరూ దిగి నడుస్తున్నారు. గాంధీ గారు నాలుగడుగులు ముందున్నారు. వెనుకనుంచి మౌలానా కేకేశారు. తిరిగి చూస్తే పోలీసులు. చేతిలో పెట్టిన కాగితాన్ని ఆయన పైకి చదువుతున్నారు. పూర్తిగా చదవనివ్వకుండానే ఒక తెల్ల ఆఫీసరు చెయ్యి పట్టుకొని తీసుకుపోయాడు. మౌలానా నవ్వుతూ చెయ్యి ఊపి వెళ్ళారు. గాంధీ గారు మీటింగుకు వెళ్ళి జనాన్ని శాంతంగా ఉండమని చెప్పారు. బేగం గారు కన్నీరు పెట్టుకోకుండా ప్రయాణం కొనసాగించారు. ఆవిడ ధైర్యాన్ని గురించి గాంధీ గారు తరువాత తన పత్రికలో ప్రత్యేకంగా వ్రాశారు.

ఇక్కడినుంచి ఆయనను కరాచీ తీసుకుపోయారు. అన్నగారు షౌకతలీతోనూ, మరికొందరితోనూ కలిపి ఖాలిక్‌దీనా హాలులో విచారణ జరిపి, రెండేళ్ళ కఠిన శిక్ష వేశారు. బ్రిటిషు సైన్యంలో ముసల్మానులు పనిచేయరాదని చెప్పడమే నేరం.

ఇంతవరకు చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. ఈ ఇద్దరు కొడుకుల వెనుక ఒక తల్లి ఉంది. ఆవిడ గురించి చెప్పడానికే ఈ కథ ఎత్తుకొన్నాను. ఆవిడ పేరు ఆబాదీ బానో బేగం. దేశమంతా బీ అమ్మా అని పిలిచింది.

ఆవిడ అమ్రోహాలో పుట్టింది, రాంపూరులో కాపురం చేసింది. చిన్న వయస్సులోనే భర్త పోయాడు. అప్పటికి మహమ్మదలీ రెండేళ్ళు నిండని పసివాడు. బంధువులు మళ్ళీ పెళ్ళి చేసుకోమన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. బడి మొహం చూసిన మనిషి కాదు. పరదాలో ఉండే మనిషి. ఆస్తి వ్యవహారాలు పిల్లల పినతండ్రి చేతిలో ఉన్నాయి. పిల్లలను బరేలీ పంపి ఇంగ్లీషు చదివిస్తానని ఆవిడ అన్నప్పుడు ఆయన డబ్బివ్వనన్నాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. ఇంగ్లీషు చదివితే పిల్లలు దీన్ మరచిపోతారని ఆయనకు భయం. ఆ రోజుల్లో చాలామంది మంచివారికి కూడా ఉన్న భయమే అది.

బీ అమ్మా వాదించలేదు. తన నగలు తీసి, ఇంట్లో పనిచేసే మనిషి చేత రహస్యంగా వడ్డీ వ్యాపారి దగ్గరికి పంపి, తాకట్టు పెట్టించి పిల్లవాణ్ణి బరేలీ పంపింది. సంగతి తెలిశాక పినతండ్రి గారే దిగివచ్చి ఖర్చు భరించాడట. ఈ సంగతి మహమ్మదలీ స్వయంగా వ్రాసుకొన్నారు. బరేలీ నుంచి అలీగఢ్, అలీగఢ్ నుంచి 1898లో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు. రాంపూరు జనానాలో కూర్చున్న తల్లికి ఆక్స్‌ఫర్డు ఎంత దూరమో ఒకసారి ఆలోచించండి. మైళ్ళ దూరం మాట అటుంచండి. కొడుకు చదివే పుస్తకాల భాష ఆవిడకు తెలియదు. కొడుకు తినే తిండి తెలియదు. కొడుకు స్నేహితుల పేర్లు పలకడం రాదు.

అమ్మలారా, ఇక్కడ మీరడిగిన ప్రశ్న వస్తుంది. చదివిస్తే చేతికి దక్కుతాడా? ఆ మాటకొస్తే బీ అమ్మా కొడుకులు ఆవిడ చేతికి దక్కలేదు. ఒకరు నల్లమందు శాఖలో సర్కారు ఉద్యోగానికి వెళ్ళారు. ఇంకొకరు బరోడాలో ఉద్యోగం చేసి, అది వదులుకొని 1911లో కలకత్తాలో "కామ్రేడ్" అనే ఇంగ్లీషు పత్రిక పెట్టారు. తల్లి ఆ పత్రికను చదవలేదు. మామూలుగా కథ ఇక్కడ ముగిసిపోవాలి. కొడుకులు పెద్దవారయ్యారు, తల్లి మూలన కూర్చొని తస్బీహ్ తిప్పుకొంటూ వారికోసం దుఆ చేసింది అని. మన ఇళ్ళలో నూటికి తొంభై కథలు అలాగే ముగుస్తాయి.

బీ అమ్మా కథ అక్కడ మొదలైంది. 1915లో ప్రభుత్వం అన్నదమ్ములిద్దరినీ నిర్బంధించి, చివరకు ఛింద్వాడాలో ఉంచింది. ముసలి వయస్సులో ఆవిడ వెళ్ళి వారితో ఉన్నది. హామీ పత్రం మీద సంతకం పెడితే వదిలేస్తామని ప్రభుత్వం తరఫు మనిషి వచ్చాడు. ఏ తల్లయినా ఏమంటుంది? పెట్టెయ్యండి నాయనా, ఇంటికి పోదాం అంటుంది. ఈ తల్లి పరదా వెనుకనుంచి ఏమన్నదంటే, దీనికీ దేశానికీ వ్యతిరేకమైన కాగితం మీద వీళ్ళు సంతకం పెడితే, వణికే ఈ ముసలి చేతులకే వీళ్ళ గొంతు పిసికే బలం అల్లా ఇస్తాడన్నది. మాట కఠినమే. నా బోటివాడు ఆ మాట అనలేడు. కాని ఆ మాటలో ఒక సంగతి గమనించండి. కొడుకులు దేనికోసం బాధ పడుతున్నారో ఆవిడకు తెలుసు. వారు తనకు తెలియని లోకంలోకి వెళ్ళిపోయారని ఆవిడ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఆ లోకం ఏమిటో అడిగి తెలుసుకొన్నది.

1917 డిసెంబరులో కలకత్తాలో ముస్లిం లీగు సభకు మహమ్మదలీ గారిని అధ్యక్షునిగా ఎన్నుకొన్నారు. ఆయన నిర్బంధంలో ఉన్నారు. అందుచేత అధ్యక్షుని కుర్చీలో ఆయన ఫోటో పెట్టారు. ఆ సభలో బురఖాలో నిలబడి మాట్లాడింది తల్లి. 1921లో వాల్తేరు అరెస్టు జరిగాక, కొడుకులిద్దరూ జైల్లో ఉండగా, ఆవిడ ఊరూరా తిరిగి చందాలు వసూలు చేసింది. హిందువులు, ముసల్మానులు కలసి ఉండాలని చెప్పింది. పంజాబులో ఒక సభలో ముసుగు పైకెత్తి, ఇక్కడున్న వారంతా నా బిడ్డలే, బిడ్డల ముందు నాకు పరదా ఏమిటి అన్నది. ఇద్దరు కొడుకులను పంపి, ఊళ్ళకు ఊళ్ళనే కొడుకులుగా తెచ్చుకొన్నదన్న మాట.

మహమ్మదలీ 1923లో విడుదలయ్యారు. అదే సంవత్సరం డిసెంబరులో మన కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు. ఏ తీరంలో రెండేళ్ళ క్రిందట చెయ్యి పట్టుకొని తీసుకుపోయారో, అదే తీరంలో ఆయనను అధ్యక్ష పీఠం మీద కూర్చోబెట్టారు. 1924 నవంబరులో బీ అమ్మా కన్నుమూసింది.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఏ ఖిలాఫత్ కోసం ఆవిడ, ఆవిడ కొడుకులు అంత బాధ పడ్డారో, ఆ ఖిలాఫత్‌ను 1924 మార్చిలో తుర్కీ వారే రద్దు చేశారు. ఆవిడ బ్రతికి ఉండగానే అది జరిగింది. కొడుకులు చేపట్టిన ఆ పని ఓడిపోయింది. దానివల్ల ఆ తల్లీబిడ్డల బంధం ఓడిపోలేదు. బిడ్డ గెలిస్తేనే నా బిడ్డ అనుకొనే తల్లి ఎక్కడా ఉండదు.

ఇదంతా విని మీలో ఎవరైనా అనవచ్చు: "మాష్టారూ, ఆవిడ పెద్దింటి మనిషి, చరిత్రలో మనిషి. మా సంగతి చెప్పండి." సరే, మా ఇంటి సంగతే చెబుతాను.

మా అన్నగారు షిప్‌యార్డు పనిలో వెల్డింగు నేర్చుకొని 1995లో దమ్మాం వెళ్ళారు. నేనప్పుడు పదో తరగతి. రెండు మూడు వారాలకొక ఉత్తరం వచ్చేది, ఎరుపు నీలం అంచుల కవరులో. మా అమ్మీకి చదవడం రాదు. అంటే ఉర్దూ చదవడం రాదు. ఖురాన్ మాత్రం చిన్నప్పుడే ఉస్తానీ దగ్గర నేర్చుకొన్నది, రోజూ చదివేది. ఉత్తరం రాగానే పొయ్యి మీద గిన్నె దించేసి, చెయ్యి కొంగుకు తుడుచుకొని నా ముందు కూర్చొనేది. నేను చదివి వినిపించేవాణ్ణి. ఒకసారి విన్నాక, "మళ్ళీ చదువు" అనేది. రెండోసారి చదివేటప్పుడు నేను విసుక్కొనేవాణ్ణి. ఆ విసుగు తలచుకొంటే నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఒక ఉత్తరంలో, వెల్డింగు వెలుగుకు కళ్ళు దెబ్బతిన్నాయని, పది రోజులు గదిలోనే పడుకొన్నానని అన్నగారు వ్రాశారు. అమ్మీ బెంగ పెట్టుకొంటుందని ఆ నాలుగు వాక్యాలు నేను చదవకుండా వదిలేశాను. పెద్దవాణ్ణయిపోయాననుకొన్నాను. రెండు నెలల తరువాత దమ్మాం నుంచి సెలవు మీద వచ్చిన మా వీధి అబ్బాయి ఇంటికి వచ్చి, "చాచీ, భాయి కళ్ళు బాగయ్యాయి, దిగులు పడకండి" అన్నాడు. అమ్మీ నా వైపు చూసింది. ఒక్క మాట అనలేదు. ఆ రోజు రాత్రి ట్రంకు పెట్టెలోంచి ఉత్తరాలన్నీ తీసి ముందు వేసుకొని, ఏ ఉత్తరంలో ఏముందో తెలియక ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసింది. మర్నాడు ఫజర్ నమాజు అయ్యాక నన్ను లేపి, "నాకు నేర్పు" అన్నది.

అప్పటికి ఆవిడకు నలభై అయిదేళ్ళు. మీలో చాలామంది అమ్మలకు ఉపయోగపడుతుందని ఆ చదువు సంగతి కొంచెం వివరంగా చెబుతాను. ఖురాన్ చదవగలిగిన వారికి ఉర్దూ సగం వచ్చినట్లే. అరబ్బీలోని ఇరవై ఎనిమిది అక్షరాలూ ఉర్దూలో ఉన్నాయి. కొత్తగా నేర్చుకోవలసినవి పే, టే, చే, డాల్, ఱే, గాఫ్ లాంటి కొద్ది అక్షరాలు మాత్రమే. మరి కష్టం ఎక్కడంటే రెండు చోట్ల. ఖురాన్‌లో ప్రతి అక్షరానికీ జేర్, జబర్, పేష్ గుర్తులుంటాయి, ఎలా పలకాలో తెలిసిపోతుంది. ఉర్దూ ఉత్తరంలో ఆ గుర్తులుండవు, మాటను మనమే ఊహించుకోవాలి. రెండోది వ్రాత వాలు. ఖురాన్ అక్షరం నిలబడి ఉంటుంది, ఉర్దూ అక్షరం ఏటవాలుగా జారుతుంది. కాని భాష మన ఇంటి భాషే కాబట్టి, ఒక మాట దొరికితే పక్క మాట దానంతట అదే తెలుస్తుంది. అమ్మీకి ఆరు నెలలు పట్టింది. పాత ఉత్తరాలే మా పాఠ్య పుస్తకం. ఆ నాలుగు వాక్యాలున్న ఉత్తరం దగ్గరికి వచ్చినప్పుడు నేను లేచి వెళ్ళిపోబోయాను. "కూర్చో" అన్నది. కూడబలుక్కొని చదివింది. చదివి, మడిచి, "వాడు వ్రాసింది నాకు. నువ్వెందుకు తిన్నావు?" అన్నది. అంతే. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

తరువాత తనే ఒక ఉత్తరం వ్రాసింది. అరపేజీ. అందులో ఆరు తప్పులున్నాయి. దిద్దబోతే నా చెయ్యి తోసేసింది. "వాడు చూడవలసింది నా చేతివ్రాత, నీది కాదు" అన్నది. ఆ ఉత్తరం అందాక అన్నగారి ఉత్తరాలు మారిపోయాయి. అంతకుముందు "ఇక్కడ అంతా క్షేమం, అక్కడ మీ క్షేమం" అని సగం పేజీ ఉండేది. ఇప్పుడు మూడు నాలుగు పేజీలు. గదిలో ఎంతమంది ఉంటున్నారు, ఎవరు వంట చేస్తారు, ఏ పాట వింటే ఊరు జ్ఞాపకం వస్తుంది, అన్నీ వచ్చేవి. వాళ్ళిద్దరి మధ్య నాకు తెలియని మాటలు ఉండేవి. మొదట్లో నాకు కాస్త ఈర్ష్యగా ఉండేది. తరువాత అర్థమయింది. అన్నగారు ఇంటినుంచి వెళ్ళిన రోజున అమ్మీకి దూరం కాలేదు. మధ్యలో చదివేవాడు అవసరమైన రోజున దూరమయ్యారు. ఆవిడ చదువు నేర్చుకొన్న రోజున మళ్ళీ దగ్గరయ్యారు.

ఇప్పుడు సెల్‌ఫోన్లు వచ్చాయి, ముఖం చూసుకొని మాట్లాడుకొంటున్నారు. అమ్మీకి డెబ్బై అయిదు దాటాయి. అయినా, "ముఖం కనబడుతుంది గానీ మాట నిలవదు. ఉత్తరమైతే రాత్రి తీసి మళ్ళీ చదువుకోవచ్చు" అంటుంది.

మిత్రులారా, ఇక్కడితో నా ప్రసంగం ఆపేస్తే నేను మంచివాణ్ణిగా మిగులుతాను. కాని అది న్యాయం కాదు.

మా అమ్మాయి మునిసిపల్ హైస్కూల్లో పది పాసై, నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకొన్నది. 2008లో పల్లె పిల్లల కోసం, పేద పిల్లల కోసం పెట్టిన చదువు అది. పది అయ్యాక చేరితే ఆరేళ్ళు హాస్టల్లో ఉండి ఇంజనీరింగు పూర్తిచేసి రావచ్చు. ఊళ్ళో అందరి పిల్లలనూ చదివించమని తిరిగే నేను, కాగితం చేతికి రాగానే ఏమన్నానో తెలుసా? "పదిహేనేళ్ళ పిల్ల, ఆరేళ్ళు బయట ఎలా? ఇక్కడే ఇంటరు చదువుకోనీ" అన్నాను. మా ఇంటావిడ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పంపడం ఇష్టం లేక కాదు, పంపనంటే పిల్ల ఏమైపోతుందోనని. పిల్ల ఏమీ అనలేదు. ఆ కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకొన్నది. ఆ రోజు నేను బీ అమ్మా కథలో పినతండ్రి పక్షాన నిలబడ్డానని నాకు తట్టలేదు.

తట్టించింది అమ్మీ. మూడో రోజు సాయంత్రం నన్ను పిలిచి, "నీ భయం నీ దగ్గరుంచుకో. దాని సంచిలో పెట్టకు" అన్నది. నేను ఇంకేదో చెప్పబోయాను. "నీ అన్న ఉత్తరంలో నాలుగు వాక్యాలు దాచావు. నా మంచికే దాచాననుకొన్నావు కదూ?" అన్నది. ఇరవై యేళ్ళకు పైగా ఎత్తని మాట ఆ రోజు ఎత్తింది. నాకు జవాబు లేదు. అమ్మాయి వెళ్ళింది. బస్సు కదిలేటప్పుడు మా ఇంటావిడ కిటికీ కమ్మీ పట్టుకొని నడిచింది, నాలుగడుగులు. డ్రైవరు హారను కొట్టాడు. వదిలేసింది. నాకు అబ్బా మాట జ్ఞాపకం వచ్చింది.

అల్లా తాలా మూసా అలైహిస్సలాం తల్లికి ఏమని ఆజ్ఞ ఇచ్చాడో మీకు తెలుసు. బిడ్డ ప్రాణానికి భయమున్నప్పుడు నీటిలో వదలమన్నాడు. దాచుకోమనలేదు. వదిలిన బిడ్డను ఆ తల్లి ఒడికే, పాలు త్రాగడానికే తిరిగి చేర్చాడు. కాని ఆ కథలో అక్కను మరచిపోవద్దు. తల్లి వదిలి ఊరుకోలేదు. ఒడ్డునే నడిచి చూసి రమ్మని కూతురిని పంపింది. వదలడమూ ఉన్నది, వెంట చూపు ఉంచడమూ ఉన్నది. ఈ రెండూ కలిస్తేనే తల్లితనం.

కాబట్టి అమ్మలారా, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. చదివిస్తే చేతికి దక్కకపోవచ్చు. చెయ్యి పట్టుకు తిప్పే వయస్సు దాటాక చేతికి దక్కాలనుకోవడం ఎందుకు? మనసుకు దక్కుతాడా అని అడగండి. దానికి పిల్లవాడు ఒక్కడే ఎదిగితే చాలదు, మీరూ ఒక మెట్టు ఎక్కాలి. వాడు ఏం చదువుతున్నాడో అడగండి, అర్థం కాకపోయినా అడగండి. ఫోను మీరే చెయ్యడం నేర్చుకోండి. బ్యాంకు కాగితం మీద వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకోండి. బిడ్డకూ మీకూ మధ్య చదివిపెట్టేవాడు లేకుండా చూసుకోండి.

పిల్లలకు ఒక మాట. తల్లిదండ్రులను చూడని పిల్లల చేత భరణం ఇప్పించడానికి 2007లో మన దేశంలో చట్టం చేశారు. చట్టం డబ్బు ఇప్పించగలదు. "అమ్మీ, ఈ రోజు ఏం వండావు?" అని అడిగించలేదు. తల్లికి డబ్బు పంపితే సగం బాకీ తీరుతుంది. మిగతా సగం నిజం చెబితే తీరుతుంది. కళ్ళు నొప్పి పుడితే పుట్టిందని చెప్పండి. ఆవిడ తట్టుకోగలదు. మిమ్మల్ని కన్నప్పుడే అంతకంటె ఎక్కువ తట్టుకొన్నది. తండ్రులకు నేను చెప్పేది ఏమీ లేదు. నేను చేసిన తప్పు చెప్పాను, చాలు.

చివరగా మన సంఘానికి ఒక విన్నపం. ఏటా పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాం, పుస్తకాలు పంచుతున్నాం. చాలా మంచి పని. దానితోబాటు, ఖురాన్ వచ్చి ఉర్దూ రాని తల్లుల కోసం, సంతకం రాని తల్లుల కోసం, మన హాలులోనే జుహర్ నుంచి అసర్ వరకు, వారానికి మూడు రోజులు ఒక తరగతి పెడదాం. తెలుగు అక్షరాలు కూడా నేర్పుదాం, బస్సు మీద ఊరి పేరు చదవాలంటే అవే కావాలి. బడి ఉన్న రోజుల్లో ఆ వేళకు నాకు వీలుకాదు కాబట్టి, ఆదివారాలు, సెలవు రోజులు నేను వచ్చి చెబుతాను. నాకు జీతం అక్కరలేదు. మిగతా రోజులకు, చదువుకొన్న మన ఆడపిల్లలు ముందుకు రావాలి. మొదటి రోజున పాఠం చెప్పడానికి మా అమ్మీని తీసుకువస్తాను. ఆవిడ నాకంటె బాగా చెబుతుంది, ఎందుకంటే కష్టం ఎక్కడుందో ఆవిడకు తెలుసు.

 మన తల్లులకు అల్లా ఆరోగ్యాన్ని, మన బిడ్డలకు మంచి దారిని ప్రసాదించు గాక. ఆమీన్. సెలవు. ఖుదా హాఫిజ్.